పర్సెంటు క్రీడలకు ఒక విధానం కావాలి

మన విశాఖలో ఒక కొత్త క్రీడ పుట్టింది. దానికి ఇంతవరకు ఒక సంఘం లేదు, కప్పు లేదు, రిఫరీ లేడు. ఇది చాలా అన్యాయం. బ్యాటరీ పర్సెంట్లు అయిపోకుండా కాపాడుకుంటూ ఇల్లు చేరడమే ఆట. ఛార్జింగ్ బండి కొన్నవాళ్లంతా రోజూ ఆడుతున్న ఈ ఆటని వాళ్లు ఛాలెంజ్ అంటున్నారు. "కరెంటు తక్కువ తాగే ఎకో మోడ్ మార్చకుండా గాజువాక వెళ్లొచ్చేస్తాను" అంటాడొకడు. "ఎన్‌ఏడీ జంక్షన్ నుంచి ఇంటిదాకా బ్రేకు పట్టుకోను" అంటాడు ఇంకొకడు. పెట్రోలు బండి రోజుల్లో ఇలాంటి సరదాలు ఎవరికీ లేవు. ఎందుకుంటాయి? ట్యాంకు అడుగంటితే రిజర్వు ఉండేది. రిజర్వూ అయిపోతే బండిని పక్కకి వంచి నాలుగు ఊపులు ఊపితే బంకు దాకా వచ్చేది. బ్యాటరీని ఎంత వంచినా ఏమీ కారదు. క్రీడాస్ఫూర్తి సరిగ్గా అక్కడ పుట్టింది.

గిట్టనివాళ్లు దీన్ని భయం అంటారు. దారిలో ఆగిపోతామేమో అన్న టెన్షన్‌కి పెట్టుకున్న ముద్దుపేరే ఛాలెంజ్ అని వాళ్ల వాదన. అయితే ఏమిటట? పులి వెంటపడకపోతే మనిషి పరుగుపందెం దాకా వచ్చేవాడేనా? ప్రభుత్వం ఈ క్రీడని గుర్తించేలోగా, బాధ్యత గల పౌరుడిగా ముసాయిదా నేనే రాసి పెడుతున్నాను.

అన్నిటికన్నా పెద్ద పోటీ భీమిలి యాత్ర. బీచ్ దగ్గర కోస్టల్ బ్యాటరీ అనే చోట మొదలవుతుంది, పేరుని బట్టి చూస్తే ఈ ఆటకి అంతకంటే తగిన చోటు ఊళ్లో లేదు. అక్కడి నుంచి బీచ్ రోడ్డు వెంట దాదాపు 30 కిలోమీటర్లు. బండి తోలడం ఎవడైనా తోలతాడు, ఇక్కడ పరీక్ష గాలితో. ఎండాకాలం నుంచి వానలు పోయేదాకా మనకి నైరుతి గాలి. భీమిలి ఉన్నది ఈశాన్యాన. అంటే వెళ్లేటప్పుడు గాలి వీపు మీద చెయ్యేసి తోస్తుంది. రుషికొండ దాటేసరికి కొత్త ఆటగాడు మీటరు చూసి మురిసిపోతాడు. కంపెనీవాడు చెప్పినదాని కన్నా ఎక్కువే ఇస్తోందని గ్రూపులో ఫొటో పెడతాడు. తొట్లకొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు అన్నీ నవ్వుతూనే దాటతాడు.

తిరుగు ప్రయాణంలో ఆ గాలే ఎదురుగా నిలబడుతుంది. పర్సెంట్లు ఒకటొకటిగా కాక జంటలు జంటలుగా వెళ్లిపోతుంటాయి. అప్పుడు ఆటగాడు స్పీడు ముప్పై అయిదుకి దించి, మోచేతులు లోపలికి ముడిచి, గడ్డం హ్యాండిల్‌కి ఆనించి వంగిపోతాడు. పక్క నుంచి షేర్ ఆటో ఓవర్‌టేక్ చేస్తుంది. చివర కూర్చున్న ముసలమ్మ తల బయటపెట్టి, "ఏటి బాబూ, కడుపులో నొప్పా?" అంటుంది. జవాబు చెప్పడానికి తల ఎత్తితే గాలి తగులుతుంది, అందుకని చెప్పడు. ఇందులో శాస్త్రం ఉంది మరి. 40లో వెళ్లేవాడు 60కి పెంచితే గాలి అడ్డు రెండుంపావు రెట్లు అవుతుంది. కంపెనీ కాగితం మీది రేంజి ల్యాబ్‌లో రోలర్ల మీద కొలిచింది, రోలర్లకి మంగమారిపేట గాలి తగలదు. నవంబరు, డిసెంబరు నెలల్లో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి వెళ్లేటప్పుడే ఏడిపించి వచ్చేటప్పుడు దయచూపుతుంది. ఆ సీజన్లో ఆడేవాళ్లని పిరికివాళ్ల కింద జమకట్టాలని నా సిఫార్సు.

తర్వాతది కైలాసగిరి. ఇక్కడ పోటీ కొండ ఎక్కడంలో కాదు, దిగడంలో. దిగేటప్పుడు మోటారే డైనమోగా మారి కొంత కరెంటు బ్యాటరీకి తిరిగి పంపుతుందని తెలిసిన దగ్గర్నుంచి, కొంతమందికి కొండలన్నీ ఆదాయ మార్గాలుగా కనిపిస్తున్నాయి. లెక్క చూద్దాం. కొండ ఎత్తు సుమారు 170 మీటర్లు. బండీ మనిషీ కలిపి 200 కిలోలనుకుంటే, ఆ బరువుని పైకి చేర్చడానికే 0.09 యూనిట్ కావాలి. మూడు యూనిట్ల బ్యాటరీలో అది మూడు శాతం. రోడ్డు రాపిడికీ గాలికీ పోయేది వేరే. దిగేటప్పుడు అందులో కొంతే వెనక్కి వస్తుంది, మీటరు మీద ఒక్క పర్సెంటు పెరిగితే గొప్ప. ఆ ఒక్క దాని కోసం నాలుగు పర్సెంట్లు తగలేసి, పార్కింగుకి డబ్బులు కట్టి, పైన మొక్కజొన్న పొత్తు తిని దిగి వచ్చినవాడి ముఖంలో వెలుగు చూడాలి! వ్యాపారం అంటే నష్టమే. క్రీడ అన్నాం కాబట్టి పతకం. ఒక్క నియమం మాత్రం గట్టిగా పెట్టాలి: బ్యాటరీ నిండుగా ఉంటే చాలా బళ్లలో ఈ తిరుగు కరెంటు పనిచేయదు, వచ్చింది పెట్టుకోవడానికి చోటుండదు కదా. కాబట్టి కొండ మీద ఫుల్ ఛార్జింగ్ పెట్టుకుని దిగేవాడు అనర్హుడు.

జూనియర్స్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మోటారు 250 వాట్లు, వేగం గంటకి 25 కిలోమీటర్లు దాటని చిన్న బళ్లకి లైసెన్సూ అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. వీళ్ల పోటీ సైకిళ్ల మీద ట్యూషన్‌కి వెళ్లే పిల్లలతో. పల్లంలో పిల్లలే గెలుస్తారు.

నాకు ఇష్టమైనది మౌన విభాగం. పూర్ణామార్కెట్ ఈ చివర నుంచి ఆ చివరకి హారన్ కొట్టకుండా, ఎవరి కాలూ తొక్కకుండా వెళ్లాలి. చప్పుడు లేని బండికి మన ఊళ్లో ఎవరూ దారివ్వరు, ఎందుకంటే అది బండి అని ఎవరికీ తెలీదు. ఈ ఇబ్బంది మొదటి రోజునే మొదలవుతుంది. ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి దగ్గర కొత్త బండికి పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, "స్టార్ట్ చెయ్యి బాబూ" అంటారు. "స్టార్టింగ్‌లోనే ఉందండి పంతులుగారూ." "చప్పుడేదీ మరి?" కుర్రాడు సిగ్గుపడుతూ కొంచెం తిప్పుతాడు. నిమ్మకాయ చితికిన చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. పంతులుగారు మాత్రం బండికీ కుర్రాడికీ మధ్య ఎవరో అబద్ధమాడుతున్నట్టు చూస్తారు.

చివరిది ఇండోర్ పోటీ, అన్నిటికన్నా ప్రమాదకరమైనది. మైదానం అపార్ట్‌మెంట్ సెల్లారు. అక్కడి కామన్ మీటరు ప్లగ్గులో రాత్రి ఎవరైనా ఛార్జర్ పెడితే, తెల్లారేసరికి గ్రూపులో ఫొటో వస్తుంది, ఎర్రగా గుండ్రం చుట్టి మరీ. అసోసియేషన్ మీటింగులో నీళ్ల మోటారు బిల్లు, లిఫ్టు బిల్లు, మెట్ల మీద వెలిగే బల్బు బిల్లు అన్నీ ఆ బండి ఖాతాలోనే పడతాయి. మూడు యూనిట్లు తాగే బండి వల్ల మూడు వందల యూనిట్లు ఎలా పెరిగాయండీ అని అడిగినవాడు మర్నాటి నుంచి లిఫ్టులో ఒంటరి. అందుకే ఆరితేరినవాళ్లు మూడో అంతస్తు కిటికీలోంచి సొంత వైరు దించుతారు, కింది వాటా వాళ్లు ఆరేసిన చీరల పక్క నుంచి, ఏసీ డబ్బా మీదుగా. దీనికి మార్కులివ్వను. సన్న వైరు వేడెక్కి కరిగితే ఆటగాడొక్కడే కాదు, అపార్ట్‌మెంట్ మొత్తం అవుట్.

తొలి పోటీలు తిరుగు దారిలో ఎదురుగాలి తగిలే సీజన్లోనే పెట్టాలని నా పట్టు. ప్రవేశ రుసుము లేదు. హెల్మెట్ తప్పనిసరి. ఛార్జర్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ప్లగ్గు ఎక్కడుందో మా అసోసియేషన్ ప్రెసిడెంట్ గారిని అడగండి, నా పేరు మాత్రం చెప్పకండి.