సవరణ: లినోలెయిక్ ఆమ్లం, లైపాక్సిజనేజ్ పరీక్ష

లినోలెయిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లానికి ఆక్సిజన్‌ను చేర్చే సోయాచిక్కుడు లైపాక్సిజనేజ్ ఎంజైమును కొలిచే పద్ధతిపై నేను ఇంతకుముందు రాసిన టపాలో రెండు తప్పులు దొర్లాయి. చర్య వేగాన్ని 280 నానోమీటర్ల కాంతి తరంగదైర్ఘ్యం వద్ద చూడాలని రాశాను. అది 234 నానోమీటర్లు. లినోలెయిక్ ఆమ్లపు అణుభారం సుమారు 280 కావడంతో, పక్కపక్కన రాసుకున్న అంకెలు తారుమారయ్యాయి. పైగా 280 వద్ద కనిపించేది ప్రధానంగా ప్రోటీనే కనుక, నా మాట నమ్మి ఎవరైనా అక్కడ కొలిచి ఉంటే వారికి చర్య జాడే తెలిసి ఉండదు.

రెండవది ఇంకా పెద్ద పొరపాటు. మన రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థ పనిచేసే పంటల్లో ఒకటైన కుసుమ నూనెలో ఈ ఆమ్లం సమృద్ధిగా ఉంటుంది కాబట్టి నూనెనే నేరుగా వాడవచ్చన్నాను. నూనెలో ఆ ఆమ్లం గ్లిసరాల్‌తో ముడిపడి ట్రైగ్లిసరైడుగా ఉంటుంది. ఈ పరీక్షలో వాడే లైపాక్సిజనేజ్-1 (ఆ ఎంజైములో ఒక రకం) విడి ఆమ్లాన్నే బాగా అందుకుంటుంది. 18 కార్బన్ల ఆ గొలుసులో 9, 12 స్థానాల్లో ఉన్న జంట బంధాల మధ్య నుంచి ఒక హైడ్రోజన్‌ను తీసి, 13వ కార్బన్ వద్ద ఆక్సిజన్‌ను చేర్చినప్పుడు, ఒక జంట బంధం జరిగి రెండూ మధ్యలో ఒకే ఒక్క ఏక బంధంతో పక్కపక్కన నిలుస్తాయి. 234 వద్ద కాంతిని పీల్చుకునేది ఆ అమరికే.

గాలి తగిలి పాతబడిన ఆమ్లం కూడా అక్కడే కాంతిని పీల్చుకుంటుంది. కాబట్టి సీసాను నత్రజని నింపి, చలిలో, చీకట్లో ఉంచాలి. ఎంజైము కలపకముందే ఒకసారి కొలిచి చూడాలి. చర్య జరిగే ద్రావణం పీహెచ్ (ఆమ్ల-క్షార స్థాయి) 9 ఉండాలని ఆ టపాలో అన్న మాటలో మార్పు లేదు.