భవానీ ద్వీపం పడవలోని లైఫ్ జాకెట్ గారికి

అయ్యా,

మొన్న కార్తీక ఆదివారం పులిహోర డబ్బాలతో, చాపలతో వనభోజనాలకు బయల్దేరిన బృందంలో నేనూ ఉన్నాను. గుర్తుపట్టే ఉంటారు. మీ బెల్టు నా బొజ్జ దాకా వచ్చి, ఇక నావల్ల కాదని ఆగిపోయింది కదా, ఆ శాల్తీని.

"వేసుకోండి సార్, వేసుకుంటేనే పడవ కదిలేది" అన్నాడు పడవ కుర్రాడు. వేసుకున్నాం. పడవ కదిలింది, మీరూ కదిలారు. మా వదినగారి పట్టుచీరకు మరకవుతుందని మీరు ఒళ్లోకి చేరారు. బావగారికి ఉక్కపోసి మిమ్మల్ని మడిచి పులిహోర డబ్బా కింద పెట్టారు. "పది నిమిషాల దానికి ఇదంతా ఎందుకండీ" అని పక్కావిడ తీర్పిచ్చేసింది. పిల్లాడొక్కడే బుద్ధిగా తొడుక్కుని కూర్చుంటే, "తీసెయ్ నాన్నా, ఫోటోలో చొక్కా కనబడట్లేదు" అన్నది ఎవరో కాదు, నేనే.

మా తప్పు కాదు, నీళ్లది. దిగువన ప్రకాశం బ్యారేజీ పట్టి ఉంచుతుంది కాబట్టి అక్కడ కృష్ణమ్మ ఊరచెరువులా కనిపిస్తుంది. చుట్టూ కొంగలు, ఒడ్డున కొండ మీద అమ్మవారు, ఎదురుగా 133 ఎకరాల పచ్చదనం. అంత నెమ్మదైన నదిని చూస్తూ మిమ్మల్ని తగిలించుకుంటే అమ్మవారి మీద నమ్మకం లేనట్టు ఉండదూ?

2024 సెప్టెంబరులో ఇదే నెమ్మదైన నది బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి, ద్వీపాన్ని ముంచేసిందనుకోండి. అది వరద, లెక్కలోకి రాదు. మరి 2017 నవంబరు? అప్పుడు వరదా లేదు, తుపానూ లేదు. ఇలాంటి కార్తీక ఆదివారమే. ఇదే నదిలో ఎగువన పవిత్ర సంగమం ఘాట్ దగ్గర పడవ బోల్తా పడి 20 మందికి పైగా పోయారు. ఆ మాట పడవలో ఒకాయన ఎత్తబోతే అందరం కలిసి "శుభమా అని వెళ్తుంటే!" అని నోరు మూయించాం.

ద్వీపంలో ఉసిరిచెట్టు కింద భోజనం బాగా కుదిరింది. తిరుగు పడవలో బల్ల తడిగా ఉంటే మిమ్మల్నే పరుచుకుని కూర్చున్నాను. మెత్తగానే ఉన్నారు.

నిన్న ఫోటోలు వచ్చాయి. అందరం నవ్వుతున్నాం. చొక్కాలన్నీ చక్కగా కనబడుతున్నాయి. మీరు మాత్రం నా కింద నుంచి ఒక నారింజరంగు పట్టీ బయటికి చాపి ఉన్నారు.

ఇట్లు,
మీ మీద కూర్చున్నవాడు