పరిశుద్ధాత్మకు పనిభారం తగ్గిద్దాం

పాపాన్ని గూర్చి లోకాన్ని ఒప్పుకొనజేసేది పరిశుద్ధాత్మేనని యోహాను సువార్త 16వ అధ్యాయంలో యేసు చెప్పాడు. నిజమే. కానీ లోకం చాలా పెద్దది. అందరి సంగతీ ఆయనొక్కడే చూసుకోవాలంటే ఎలా? అందుకే భక్తిగల దంపతులు కనీసం ఒక్కరి పాపాల బాధ్యతైనా నెత్తిన వేసుకున్నారు. ఆ ఒక్కరు ఎవరంటే, ఏ ఇంట్లో అడిగినా ఎదుటివాళ్లే. ఇంతటి సేవకు సంఘంలో గుర్తింపు లేదన్నదే నా బాధ.

ఆ సేవలోని నేర్పు చూడాలంటే కుటుంబ ప్రార్థనకు వెళ్లాలి. "నిన్న నామీద అంతలా ఎందుకు అరిచావు?" అని మామూలుగా అడగొచ్చు. కానీ అడిగితే జవాబొస్తుంది, అదే చిక్కు. ఆ మాటే మోకాళ్లూని, "ప్రభువా, ఈ ఇంట్లో కోపం అణచుకోలేనివారి హృదయాన్ని మెత్తపరచు తండ్రీ" అంటే తిరుగుండదు. ప్రార్థనకు ఎవరు అడ్డొస్తారు? పైగా చివర్లో ముద్దాయి తన నోటితోనే "ఆమేన్" అనాలి. అన్నారో లేదో చూడ్డానికి ఒక కన్ను ఓరగా తెరిచి ఉంచడం తప్పేం కాదు. "మెలకువగా ఉండి ప్రార్థన చేయుడి" అని వాక్యమే సెలవిస్తోంది.

ఆదివారం ప్రసంగంలోనూ ఇదే శ్రద్ధ. పాస్టర్ గారు అహంకారం అనగానే, పక్కన ఉంటే మోచేయి, దూరంగా ఉంటే చూపు పనిచేస్తాయి.

నీ కంట్లో దూలం ఉంచుకుని సహోదరుని కంట్లో నలుసు ఎంచకని యేసు చెప్పిన సంగతి గుర్తు చేసేవాళ్లకు మనవాళ్ల దగ్గర గట్టి జవాబే ఉంది. ప్రభువు "సహోదరుని కంటిలో" అన్నాడే గానీ, భర్త కన్నని, భార్య కన్నని ఎక్కడన్నాడు? ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయమూ అంతే. భార్యలు భర్తలకు లోబడాలనే 22వ వచనం ఆయనకు కంఠతా, భర్తలు భార్యలను ప్రేమించాలనే 25వది ఆమెకు. "ఒకనికొకడు లోబడియుండుడి" అనే 21వ వచనాన్ని ఇద్దరూ అచ్చుతప్పులా దాటేస్తారు. ఇక ప్రేమ "అపకారమును మనస్సులో ఉంచుకొనదు" అన్న కొరింథీ మాటను అక్షరాలా పాటిస్తున్నారు. మనసులో ఏదీ ఉంచుకోవడం లేదు. అన్నీ నాలుక మీదే.

(చేయి చేసుకునేవాణ్ని ఓర్చుకొమ్మనడం ప్రేమ కాదు. అక్కడ ఈ వేళాకోళానికి చోటు లేదు.)

ఈ పరిచర్యకు మూలపురుషుడు ఆదాము. పండు తిన్నావా అని దేవుడడిగితే "నాతో నుండుటకు నీవు నాకిచ్చిన ఈ స్త్రీయే" అని మొదలుపెట్టాడు. ఒక్క మాటతో భార్యకూ, ఆమెను ఇచ్చినవాడికీ కలిపి తీర్పు!

పేతురు మాత్రం కాస్త ఇబ్బంది పెట్టాడు. ఆయనా సంసారే, అత్తగారి జ్వరాన్ని యేసు బాగుచేసిన సంగతి సువార్తల్లో ఉంది. తన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో, భార్యను సన్మానించమని పురుషులకు చెబుతూ, "మీ ప్రార్థనలకు అభ్యంతరము కలుగకుండునట్లు" అని కారణం కూడా రాశాడు. అడిగినవేవీ దొరకడం లేదని వాపోయే ఒక పెద్దమనిషికి ఈ వచనం చూపించి చూడండి. కళ్లద్దాలు సర్దుకుని, రెండుసార్లు చదివి, వంటింటి వైపు తిరిగి, "విన్నావా, నా ప్రార్థనలు ఆగిపోయింది నీవల్లేనట!" అంటాడు.