సవరణ: మైమోనిడీస్ వాదన గురించి తప్పు రాశాను

యూదు మతంలో దేవుడు ఒక్కడే అనడానికి తత్వవేత్తలు చెప్పిన కారణాల మీద మొన్న ఒక పోస్ట్ పెట్టాను కదా, అందులో మైమోనిడీస్ (1138–1204) "లోకానికి మొదలుంది కాబట్టి సృష్టికర్త ఉన్నాడు, ఆయన ఒక్కడే" అని వాదించాడని రాశాను. అది తప్పు. ఆ దారి ఆయనకు రెండు వందల ఏళ్ల ముందు బాగ్దాద్‌లో ఉన్న యూదు తత్వవేత్త సాదియా గావోన్‌ది. ఇద్దరు దేవుళ్లుంటే, ఒకరు ఒక ప్రాణిని బతికించాలనీ ఇంకొకరు చంపాలనీ అనుకుంటే ఆ ప్రాణి ఒకేసారి బతికీ చచ్చీ ఉండాలి, అది కుదరదు అన్నదీ సాదియానే.

మైమోనిడీస్‌కు లోకం సృష్టి అయిందనే నమ్మకం గట్టిగానే ఉంది, కానీ దాన్ని తర్కంతో తేల్చలేమనీ, తేలని విషయం మీద దేవుడి ఉనికిని నిలబెట్టకూడదనీ ఆయన పట్టుదల, అందుకే వాదన కోసం లోకం అనాది అనే ఒప్పుకుని మొదలుపెట్టాడు. ఆ కాలపు నమ్మకం ప్రకారం భూమి చుట్టూ ఆకాశగోళం తిరుగుతోంది; లోకం అనాది అయితే అది ఎప్పటినుంచో ఆగకుండా తిరుగుతున్నట్టే, కాబట్టి దాన్ని తిప్పే శక్తికి అంతు లేదు. శరీరం ఉన్నదేదైనా పరిమితమే కనుక ఆ తిప్పేవాడికి శరీరం లేదు. ఒకే స్వభావం ఉన్న రెండింటిని వేరుచేసి లెక్కపెట్టాలంటే శరీరానికి సంబంధించిన తేడా ఏదో ఒకటి ఉండాలి, శరీరమే లేనప్పుడు ఇక రెండు ఎక్కడివి? నాకు అన్నిటికంటే నచ్చింది ఈ మెట్టే, దాన్నే మొన్న వదిలేశాను.

ఇంకోటి, "ఒక్కడు" అంటే అంకెల్లో ఒకటి అన్నట్టు రాశాను. ఆయన చెప్పింది ముక్కలుగా విడదీయలేని, లోకంలో దేనికీ లేని ఏకత్వం. పాత పోస్ట్ షేర్ చేసినవాళ్లు దయచేసి దీన్ని కూడా జతచేయండి.