అరుదైన పేరు కావాలా? పెంటయ్య ఖాళీగా ఉన్నాడు

మా పై ఫ్లాటు వాళ్లకు మనవడు పుట్టాడు. పుట్టిన పూటే బరువు, సమయం, నక్షత్రం అన్నీ వాట్సాప్‌లో వచ్చేశాయి. పునర్వసు నాలుగో పాదం, 'హీ' అక్షరం. కింద ఒక మనవి: "ఎవరికీ లేని పేరు కావాలి. సంస్కృతమై ఉండాలి, మంచి అర్థం ఉండాలి, అమెరికావాళ్లకు నోరు తిరగాలి. మీ సలహాలు తెలుపగలరు."

తెలిపారు. ఇరవై రోజులు తెలుపుతూనే ఉన్నారు. ఆ చర్చ రాజ్యాంగసభకు తగిన స్థాయిలో సాగింది. హిమాన్ష్ అని ఒకరంటే, వాళ్ల ఆఫీసులో ఆ పేరుతో ఒకడున్నాడనీ, వాడు మంచివాడు కాడనీ ఇంకొకరు కొట్టిపారేశారు. పిల్లవాడి మేనత్త డల్లాస్ నుంచి అర్ధరాత్రిళ్లు వీటో చేస్తూ ఉండేది. నిజానికి ఇంత టెన్షన్ అక్కర్లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు లేకుండానే పుట్టుకను నమోదు చేయించుకోవచ్చు. 12 నెలల్లోపు పేరు రాయిస్తే రుసుము లేదు, ఆలస్య రుసుము కడితే 15 ఏళ్ల దాకా గడువు. ఆ చట్టం చేసినవాళ్లు వాట్సాప్‌ను ఊహించలేదు కాబట్టి గానీ, లేకపోతే 30 ఏళ్లు ఇచ్చేవారు.

చివరికి తేలిన పేరు హ్రియాన్ష్. 'హీ' అనే అక్షరంలోకి 'ర' ఎలా వచ్చిందని అడిగాను. న్యూమరాలజీ అన్నారు. ఇంగ్లీషులో అదనంగా ఒక ఏ, చివర ఒక హెచ్ కూడా చేరాయట. అర్థం మాత్రం పక్కాగా ఉంది: విష్ణువు అంశ, సూర్యకిరణం, సంపద, ప్రశాంతత. ఒక్క మాటకు నాలుగర్థాలు! ఊరికే ఉండలేక సంస్కృత నిఘంటువు తెరిచాను. హ్రీ అంటే సిగ్గు. అంశ అంటే వాటా. సిగ్గులో వాటా గలవాడు అన్నమాట. ఆ ముక్క గ్రూపులో పెట్టలేదు. నాకూ ఎంతోకొంత వాటా ఉంది.

అరుదు అనేది ఇప్పుడు అందరికీ కావాలి కాబట్టి అదే అన్నిటికన్నా మామూలైపోయింది. ముందు ఓ వత్తు, మధ్యలో 'యా', చివర 'న్ష్'. ఈ అచ్చులో పోస్తే ఎన్నైనా వస్తాయి. మా వీధి చివర ప్లేస్కూల్ గేటు దగ్గర నిలబడి "యాన్ష్!" అని పిలిచి చూడండి, ఐదుగురు వెనక్కి తిరుగుతారు. అద్వైతం అంటే రెండోది లేనిది. మా మేనకోడలి కొడుకు సెక్షన్లో అద్వైత్, అద్విక్, అద్విత్, అద్వయ్ ఉన్నారు. రెండోవాడు లేనివాళ్లు నలుగురు, ఒకటే బెంచీ మీద.

కాబట్టి ఈ రంగంలో నాకున్న కొద్దిపాటి పాండిత్యంతో తల్లిదండ్రులకు ఒక పేరు సిఫార్సు చేస్తున్నాను. ఈ రోజు ఏ ప్లేస్కూల్ హాజరుపట్టీలోనూ దొరకదు. యూజర్ నేమ్ వెంటనే దొరుకుతుంది, వెనక అంకెలు తగిలించక్కర్లేదు. ఆధార్ సెంటర్ కుర్రాడు తప్పు కొట్టడు (మాకు తెలిసిన ఒక హ్రియాన్ కార్డు మీద హర్యానా అయ్యాడు). ఆ పేరు పెంటయ్య.

నవ్వకండి. మూలం అడుగుతారు కదా, చెబుతున్నాను. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతున్న ఇంట్లో మళ్లీ కాన్పు అయితే, పసికందును చేటలో వేసి తీసుకెళ్లి ఇంటి వెనక పెంటకుప్ప మీద పెట్టేవారు. ముందే మాట్లాడి పెట్టుకున్న పక్కింటావిడో మంత్రసానో వచ్చి, "అయ్యో, ఎవరో పారేసుకున్నారే" అని ఎత్తుకునేది. కన్నతల్లి కాసిని తవుడు ఇచ్చి ఆ బిడ్డను కొనుక్కునేది. ఇదంతా చాటు నుంచి చూస్తున్న చావు "ఛీ, పెంట మీద దొరికినవాడా, నాకెందుకు" అని వెళ్లిపోతుందని నమ్మకం. మరి పేరు కూడా ఆ నాటకానికి తగ్గట్టు ఉండాలి కదా. మగపిల్లవాడైతే పెంటయ్య, ఆడపిల్లయితే పెంటమ్మ. అంటే మనం పేరు పెట్టేది ఇన్‌స్టాగ్రామ్ చూడాలని. వాళ్లు పెట్టింది యముడు చూడకూడదని.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 1951 నాటి లెక్కల్లో కూడా మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 146 మంది ఏడాది నిండకుండానే పోయారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగింది. టీకాలు, ఆసుపత్రి కాన్పులు, మంచినీళ్లు పెంటయ్యల సరఫరా ఆపేశాయి. ఒక పేరు వాడుకలోంచి పోవడానికి ఇంత మంచి కారణం మరొకటి నాకు తెలియదు.

పెంటయ్య ఏకాకి కాడు, బలగం గలవాడు. ఎంగిలి విస్తరాకుల మీద పొర్లించిన బిడ్డ పుల్లయ్య, పుల్లాకు అంటే ఎంగిలి విస్తరే. తెలుగు సినిమాకు తొలినాళ్లలో దారి వేసిన దర్శకుల్లో సి. పుల్లయ్య ఒకరైతే పి. పుల్లయ్య మరొకరు. తవుడిచ్చి కొన్నవాడు తవిటయ్య. శ్రీకాకుళం, విజయనగరం వైపు తవిటినాయుడు లేని ఊరు వెతకాలి. దేవుణ్ణి బిచ్చమడిగి తెచ్చుకున్నవాడు తెలంగాణలో భిక్షపతి. తమిళనాట చెత్తకుప్ప మీదివాడు కుప్పుస్వామి. బెంగాల్లో మూడు గవ్వలకు కొన్నవాడు తీన్‌కోడి. ధర పేరులోనే ఉంది, జీఎస్టీ లేదు.

అదే బెంగాల్లో 1889లో ఒక ఇంట్లో ఇద్దరు మగపిల్లలు పోయాక మూడోవాడు పుట్టాడు. అక్క మూడు పిడికెళ్ల నూకలిచ్చి తమ్ముణ్ణి కొనుక్కుంది. నూకల్ని అక్కడ ఖుద్ అంటారు. అలా ఆ పిల్లవాడు ఖుదీరామ్ అయ్యాడు, ఖుదీరామ్ బోస్. భూమ్మీద నూకలుండాలి అంటాం మనం మాటవరసకు, వాళ్లు కొలిచి మరీ ఇచ్చారు. నూకలు చూసి యముడు వెళ్లిపోయాడు. తెల్లదొర వెళ్లలేదు. 1908 ఆగస్టు 11న ఉరి తీసేనాటికి ఆ కుర్రవాడికి 18 ఏళ్లు.

"అయినా ఆ అర్థం..." అని నసిగే వాళ్లకోసం ఇంకొంచెం శాస్త్రం. నల్లమలలో చెంచుల గూడేన్ని పెంట అంటారు. అప్పాపూర్ పెంట, రాంపూర్ పెంట అలాంటివే. కాబట్టి మీ అపార్ట్‌మెంటు పేరులోని విల్లాకూ మా పెంటకూ అర్థంలో తేడా లేదు. పైగా పెంట అంటే ఎరువు. తొలకరికి ముందు బండ్లకెత్తి చేనుకు పెంట తోలని రైతు లేడు ఒకప్పుడు. అదే పెంటను ఇప్పుడు ఆకుపచ్చ సంచిలో పోసి, ఆర్గానిక్ అని అచ్చేసి అమ్ముతుంటే మనమే కారు డిక్కీలో తెచ్చుకుని బాల్కనీ తులసికి వేస్తున్నాం. మీరు రోజూ పేర్లు వెతికే గూగుల్ అధిపతి పేరులోని పిచ్చై అనే మాటకు తమిళంలో అర్థం భిక్ష. ఆయనకు వీసా ఇబ్బంది ఏమీ వచ్చినట్టు లేదు. పేర్ల పుస్తకాలవాళ్లు అడిగితే నేను ఇలా రాసిస్తాను: పెంటయ్య, పురుష నామం, అచ్చ తెలుగు, నేలను సారవంతం చేసేవాడు, మృత్యుంజయుడు.

21వ రోజు తొట్టెల వేడుకకు పిలిస్తే వెళ్లాను. బియ్యం పోసిన పళ్లెంలో పిల్లవాడి తండ్రి బంగారు ఉంగరంతో పేరు రాస్తున్నాడు. వత్తు దగ్గర బియ్యం జారుతోంది, రెండుసార్లు చెరిపి రాశాడు. ఆయన్ని పక్కకు పిలిచి నా సిఫార్సు చెప్పాను. ముఖం అదోలా పెట్టి, "మా ముత్తాత పేరు అదే అంకుల్" అన్నాడు మెల్లగా. ఈ ఫ్లాటుకు మొదట కట్టిన డబ్బు కూడా ఆ ముత్తాత పాసుబుక్కులోని రెండెకరాలు అమ్మగా వచ్చిందేనట. "కానీ అందరి ముందూ ఆ పేరు అనకండి, అవ్వ ఉంది."

అవ్వ అంటే ఆ పెంటయ్య కోడలు. తొంభై దాటాయి. పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టుకుని, కాటిక వేలితో బుగ్గ మీద రూపాయి బిళ్లంత చుక్క పెడుతోంది. వచ్చిన ఆడవాళ్లు "ఎంత ముద్దుగున్నడో" అంటే చాలు, "ఏం ముద్దు, కోతిపిల్ల లెక్కున్నడు" అంటూ కొట్టిపారేస్తోంది. ఆ శాస్త్రం ఆవిడకు ఇంకా నోటికి వచ్చునన్నమాట. ధైర్యం చేసి, "మీ మామ పేరే పెట్టొచ్చు కదా అవ్వా" అన్నాను.

"మామ పేరా!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయన పేరు నా నోట్లెకెల్లి రాగూడదు గద బిడ్డా. గా పేరు పెడితే పోరణ్ణి నేనెట్ల పిలువాలె?"

"మరి ఇప్పుడు పెట్టిన పేరు పిలుస్తావా?"

"ఎప్పుడు పెట్టిన్రు?"

"ఇందాక అయ్యగారు పిల్లవాడి చెవిలో చెప్పాడు కదా, హ్రియాన్ష్ అని."

"గది పేరా? పోరడు తుమ్మిండనుకున్న. నూరేండ్లు బతుకు కొడుకా అన్న."