పక్షుల వర్గీకరణ శాస్త్రం వారికి ఒక చిలుక జంట తరఫున విన్నపం

మహారాజశ్రీ వర్గీకరణ శాస్త్రం వారి దివ్య సముఖమునకు,

న్యూగినీ, ఇండోనేషియాలోని మొలుక్కా దీవుల అడవుల్లో కాపురముంటున్న ఎక్లెక్టస్ చిలుకల గురించి రాస్తున్నాం. మగది ఆకుపచ్చ, ఆడది ఎరుపు. ఇంత తేడా ఉన్నాక ఒక్కటెలా అవుతాయని తమరు మొగుడికో పేరు, పెళ్లానికో పేరు పెట్టి రెండు జాతులుగా రాసేసుకున్నారు. 1776లో మొదలైన ఈ నామకరణాల గొడవ, 1874లో జర్మనీ దేశపు పక్షిశాస్త్రవేత్త మేయర్ గారు రెండూ ఒకే జాతి అని చెప్పేదాకా తేలలేదు. మ్యూజియం సొరుగులో పడుకోబెట్టిన ఎండు పక్షి చర్మాలు కాపురం చేయవు కదా, తమరికి తెలిసేదెలా!

మా రామచిలుకల్లోనూ మెడకు గులాబీ పట్టీ మగదానికే ఉంటుంది. వాటిని విడదీయలేదు, సంతోషం.

నిజానికి ఆ ఎరుపూ, ఈ పచ్చలో దాగిన పసుపూ ఒకే కుటుంబానికి చెందిన వర్ణద్రవ్యాలు. పసుపుకు ఈక నిర్మాణం వెదజల్లే నీలికాంతి తోడైతే పచ్చ. అంతెందుకు, పచ్చని మగదాని రెక్క ఎత్తితే కిందంతా ఎరుపే. ముక్కు చూసి ఆడామగా తేడా పట్టడమూ తేలికే: పెద్ద మగదానికి పైముక్కు నారింజ రంగు, కొస పసుపు, ఆడదానికి మొత్తం నలుపు. పిల్లలప్పుడు మాత్రం రెండింటి ముక్కులూ గోధుమరంగే, అక్కడ ముక్కును నమ్మితే మునుగుతాం.

రంగుల కారణం చెట్టుతొర్రలో ఉంది. మంచి తొర్రలు తక్కువ. దొరికినదాన్ని ఆడది ఏడాదిలో పదకొండు నెలలదాకా వదలదు. దాని ఎరుపు 'ఇది నాది' అని దూరానికి చాటుతుంది. తిండి మోసే మగవి (ఒకటి కాదు, కొన్ని) డేగల కళ్లుగప్పి ఆకుల్లో తిరగాలి కనుక పచ్చ. ఈ సంగతి ఆస్ట్రేలియాలోని కేప్ యార్క్‌లో జీవశాస్త్రవేత్త హైన్‌సోన్ బృందం ఏళ్ల తరబడి తొర్రల దగ్గర కాపుకాసి తేల్చింది.

ఇటీవల తమరు మళ్లీ కలం పట్టి మొలుక్కా, పాపువా (న్యూగినీ వైపుది), సుంబా అంటూ దీవులవారీగా జాతుల్ని పంచారు. ఈసారి వాదన గట్టిదేలెండి. పాపువా ఆడదానికి పొట్ట మీద ఉండే నీలం సుంబా ఆడదానికి లేనే లేదు. సోలమన్ దీవుల పొట్టి చిలుకల్ని ప్రస్తుతానికి పాపువా ఖాతాలోనే ఉంచారట. మార్చే ఆలోచన ఉంటే జంతుప్రదర్శనశాలలకు ముందే కబురంపండి, బోర్డుల రంగు ఇంకా ఆరలేదు.

ఇట్లు,
తమ విధేయులు