గట్టివాళ్లని మమ్మల్ని పొగడొద్దు

అక్టోబరు వచ్చిందంటే మా అమ్మ రెండు పనులు చేస్తుంది. పది అగ్గిపెట్టెలు కొని ప్లాస్టిక్ కవరులో చుట్టి అటక మీద పెడుతుంది. ఇంటి వెనక కొబ్బరి చెట్లకు వేలాడుతున్న ఎండు మట్టలు దింపించేస్తుంది. టీవీలో తుఫాను వార్త వచ్చేదాకా ఆగదు. 2013లో పైలిన్ అక్టోబరు 12న వచ్చింది. 2014లో హుద్‌హుద్ కూడా సరిగ్గా అక్టోబరు 12నే. 2018లో తిత్లీ అక్టోబరు 11న. మాది శ్రీకాకుళం జిల్లా తీరంలోని వజ్రపుకొత్తూరు మండలం. దసరా నెల అనగానే మాకు ముందు గాలి గుర్తొస్తుంది, తర్వాతే పండగ.

ఈ మధ్య నాతో పనిచేసే ఒకాయన భోజనాల దగ్గర అన్నాడు: "మీ శ్రీకాకుళం వాళ్లు కష్టాలు చూసి చూసి రాటుదేలిపోయారండీ. అందుకే మీకు ధైర్యం ఎక్కువ, జాలి ఎక్కువ." మంచి మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

తిత్లీ రాత్రి మా డాబాలో ఇరవై మందికి పైగా ఉన్నాం. రేకుల ఇళ్ల వాళ్లూ పాకల వాళ్లూ పొద్దుగూకేసరికే వచ్చేశారు. మాతో గట్టు తగాదా పడి నాలుగేళ్లుగా మాటల్లేని సిన్నమ్మ కూడా మనవరాలిని చంకనేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. అమ్మ ఏమీ మాట్లాడలేదు, చాప పరిచింది. కరెంటు ఎప్పుడో పోయింది. పిల్లలు ఏడుస్తుంటే వీధి చివరి ఇంటి తాత కథ ఎత్తుకున్నాడు. తను కుర్రాడిగా ఉన్నప్పుడు వచ్చిన తుఫాను కథ. ఎగిరిపోయిన పాక, తాడిచెట్టు మొదట్లో చిక్కుకుని బతికిన మేకపిల్ల. పిల్లలు నవ్వారు కూడా. ఆ నవ్వుల మధ్యలోనే ఒక మాట అన్నాడు: "గాలి ఆగిపోనాదని బయటికెల్లకండ్రా. ముందొక పక్క నుంచి కొడతాది. కాసేపు నిమ్మళిస్తాది. మళ్లీ ఎదర పక్క నుంచి కొడతాది. మావోళ్లు ఆ మజ్జిలోనే పోనారు."

తెల్లవారుజామున నిజంగానే ఆగింది. చెవులు గింగుర్లెత్తేంత నిశ్శబ్దం. మా బాబాయి కొడుకు ఆవును విప్పడానికి లేచాడు. తాత వాడి చెయ్యి పట్టుకుని వదల్లేదు. "సచ్చిపోద్ది తాతా" అని వాడు ఏడుస్తున్నాడు, తాత వదల్లేదు. కాసేపటికి అవతలి పక్క నుంచి గాలి విరుచుకుపడింది. పశువుల సాల కూలిపోయింది. తుఫాను కన్ను గురించి, అది దాటాక గాలి దిశ మారిపోవడం గురించి నేను తర్వాత చదువుకున్నాను. తాత బడికి వెళ్లలేదు. ఆ శాస్త్రం ఆయనకు చచ్చిపోయిన అన్నదమ్ముల కథగా తెలుసు, అదే కథగా మాకిచ్చాడు.

ధైర్యం అంటే నాకు ఆ చెయ్యే గుర్తొస్తుంది. ఆవు కోసం లేచిన వాడిదీ ధైర్యమే, కాదనను. కానీ ఆ రాత్రి ప్రాణం నిలబెట్టింది తాత చెయ్యి. తన బాధను నలభై, యాభై ఏళ్లు మోసి, దాన్ని పిల్లలు వినగలిగే కథగా మార్చి, సమయం వచ్చినప్పుడు అక్కరకు తెచ్చాడు. ఆ పని కష్టం చేసిపెట్టలేదు, తాత చేశాడు. అదే కష్టం పడిన వాళ్లు ఇంకెందరో నోరు విప్పకుండానే పోయారు.

జాలి సంగతి కూడా చెప్పాలి. తిత్లీ తర్వాత మాకు రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు ఆడక నీళ్లు లేవు. ట్యాంకరు దగ్గర బిందెలతో కొట్టుకున్నాం. నేనే ఒక ముసలమ్మను పక్కకు నెట్టి ముందుకు వెళ్లాను. ఆవిడ ముఖం ఇప్పటికీ మర్చిపోలేదు. కష్టం దానంతట అదే మనిషిని మెత్తబరిచేదైతే, ఆ వారమంతా మా ఊరు దేవుళ్లతో నిండిపోయి ఉండాలి. అలా ఏమీ జరగలేదు. కొందరు ఉన్న బియ్యం పంచారు, కొందరు కొవ్వొత్తులు దాచి రెట్టింపు రేటుకు అమ్మారు. ఇద్దరూ ఒకే గాలికి దెబ్బతిన్నవాళ్లే.

ఆ రోజుల్లోనే ఒక టీవీ వాళ్లు వచ్చారు. మా తోటలో అరవై కొబ్బరి చెట్లుంటే ఎనిమిది మిగిలాయి. పడిపోయిన చెట్టు మీద చెయ్యి వేసి ఏడవమని అమ్మను అడిగారు. అమ్మకు ఏడుపు రాలేదు. "పోనీ ధైర్యంగా ఒక మాట చెప్పండమ్మా, మళ్లీ నిలబడతాం అని" అన్నారు. అమ్మ ఇంట్లోకి వెళ్లిపోయింది. ఆవిడ ఆ రాత్రి గురించి ఇప్పటికీ మాట్లాడదు. ఎవరైనా అడిగితే పెరట్లో పోయిన పనసచెట్టు గురించి చెబుతుంది. ఎన్ని కాయలు కాసేది, ఎవరెవరికి పంపేది, అంతే. నాకు మొదట్లో చిరాకొచ్చేది. తర్వాత అర్థమైంది, అమ్మ ఆ రాత్రి గురించే చెబుతోందని.

సముద్రం మీదకు వెళ్లేవాళ్ల సంగతీ అంతే. మా జిల్లాకు 190 కిలోమీటర్లకు పైగా తీరం ఉంది. అయినా పెద్ద బోట్లు నిలిపే వసతి లేక మా మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్‌ దాకా కూలికి పోతారు. 2018 నవంబరులో అక్కడ వేటకెళ్లి పాకిస్థాన్ వాళ్లకు చిక్కిన మనవాళ్లలో 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దు దాటి వచ్చారు. తర్వాత అది సినిమాకు కూడా కథ అయింది. వాళ్ల సాహసం గురించి అందరూ మాట్లాడారు, సంతోషమే. కానీ సొంత తీరాన్ని వదిలి దేశం ఆ చివరకు పోవలసిన అవసరం ఎందుకొచ్చిందన్న ప్రశ్న సాహసం కథలో కొట్టుకుపోతోంది.

నా కోపం అక్కడే. "గట్టివాళ్లు, తట్టుకుంటారు" అన్న మాట పొగడ్తలా మొదలై మెల్లగా సాకు అవుతుంది. మా వైపు కొబ్బరి, జీడి తోటల ప్రాంతమైన ఉద్దానంలో కిడ్నీ జబ్బును డాక్టర్లు తొంభైలలోనే గమనించారు. ఎందుకొస్తోందో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. వంశధార నది నుంచి తాగునీళ్లు తెచ్చే పథకం, పలాసలో కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమయ్యేసరికి 2023 డిసెంబరు వచ్చింది. అన్నేళ్లు మేం ఓపిక పట్టామంటే అది మా గొప్పతనమా?

మా నాన్నకు వారానికి రెండుసార్లు డయాలసిస్. ప్రతిసారీ నాలుగు గంటలు. ఆ హాల్లో వినిపించినన్ని కథలు నేనెక్కడా వినలేదు. జీడితోటలో ఎలుగుబంటి ఎదురైన కథ, జీడిపిక్కల బట్టీలో చేతులు కాల్చుకున్న కథ, కూతురి పెళ్లి కథ. కొత్తగా వచ్చినవాడు భయపడుతుంటే పాతవాళ్లు వాడికి జబ్బు గురించి చెప్పరు, ఎలుగుబంటి గురించి చెబుతారు. సూది గుచ్చేటప్పుడు వాడు కథ వింటూ ఉంటాడు. ఎప్పుడైనా ఒక మంచం ఖాళీగా కనిపిస్తే ఆ రోజు ఎవరూ కథ ఎత్తరు. ఎదుటివాడి బాధ తెలియడమంటే నేను కళ్లారా చూసింది ఆ హాల్లోనే. అది జబ్బు నేర్పిందని అనుకోను. పక్కపక్కన పడుకుని, ఎటూ పోలేక, ఒకరి మాట ఒకరు వినడం వల్ల వచ్చింది.

శ్రీకాకుళంలో కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో మొదలుపెట్టిన తెలుగు కథల గ్రంథాలయం కథానిలయానికి వెళ్లినప్పుడల్లా నాకు ఆ హాలే గుర్తొస్తుంది. మా వైపు నుంచి వచ్చిన మంచి కథల్లో నేను చదివినవి కష్టాన్ని పూజించవు. ఆ కష్టం ఎవరి వల్ల వచ్చిందో అడుగుతాయి. మమ్మల్ని మెచ్చుకోవాలనుకునేవాళ్లు దయచేసి ఆ ప్రశ్న కూడా అడగండి. వినడానికి వస్తే తీరిగ్గా కూర్చోండి. అమ్మ పనసచెట్టు గురించి చెబితే పనసచెట్టు గురించే వినండి.

తాత పోయి మూడేళ్లయింది. మా బాబాయి కొడుకు ఇప్పుడు తన కూతురికి ఆ కథ చెబుతున్నాడు. తాడిచెట్టు, మేకపిల్ల అన్నీ ఉన్నాయి. చెయ్యి పట్టుకున్న తాత కొత్తగా చేరాడు.

2019లో అమ్మ నాటిన కొబ్బరి మొక్కల్లో ఒకటి మొన్న మొదటి గెల వేసింది. కాయలు దింపించి రెండు సిన్నమ్మ ఇంటికి పంపింది. గట్టు తగాదా ఇంకా తెగలేదు. నాన్నను డయాలసిస్‌కు తీసుకెళ్లిన రోజు మా ఆవుకు గడ్డి వేసేది మాత్రం సిన్నమ్మే.